ప్రశ్న మీది, జవాబు మాది: చెరువూ షేరూ ఒకేసారి పడితే?

పిల్లలకు షేర్ మార్కెట్ ఎలా చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అని గోదావరి జిల్లాల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం. ఏ కంపెనీ షేరు కొనాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు, చెప్పం కూడా.

ప్రశ్న: జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. షేర్ మార్కెట్ మీద నాలుగు పీరియడ్లు తీసుకోమన్నారు. ప్రొజెక్టర్ లేదు. క్లాసులో అడుగుపెట్టగానే "ఏ షేరు కొంటే పెరుగుద్ది మేడమ్?" అని మొదలెడుతున్నారు. ఎక్కడ నుంచి ఎత్తుకోవాలి?
– లెక్చరర్, పాలకొల్లు

ప్రొజెక్టర్ లేకపోవడమే మంచిదమ్మా. తెర మీద ఎర్రగీతలూ పచ్చగీతలూ కదులుతుంటే పిల్లల కళ్లు వాటి మీదే ఉంటాయి, పాఠం చెవికెక్కదు. మీకు కావలసింది సుద్దముక్క, చీటీలు, ఒక కాలిక్యులేటర్.

మొదటి పీరియడ్‌లో మార్కెట్ మాటే ఎత్తకండి. పది లక్షలతో ఒక కొబ్బరి పీచు యూనిట్ పెడుతున్నామని బోర్డు మీద రాయండి. వెయ్యి రూపాయల చొప్పున వెయ్యి వాటాలు. ఆ వెయ్యి రూపాయలే ముఖవిలువ. ఏడాది తిరిగేసరికి ఖర్చులన్నీ పోను 1,20,000 లాభం మిగిలింది, అంటే వాటాకు 120 రూపాయలు. అందులో 40 రూపాయలు వాటాదారులకు పంచారు. అది డివిడెండు. మిగతా 80 రూపాయలతో కొత్త మిషను కొన్నారు. ఇప్పుడు ఒకరు తన వాటాను 1,800కు అమ్మజూపాడు. 1,800ను 120తో భాగిస్తే 15 వస్తుంది. పీఈ నిష్పత్తి అంటే అదే. ఏడాదికి 120 సంపాదించే వాటాకు పదిహేను రెట్లు పెట్టడం సబబా కాదా అని క్లాసును అడిగి, వాళ్లను వాదించుకోనివ్వండి. జవాబు మీరు చెప్పకండి.

ఇక్కడ పిల్లలు దాదాపు ఖాయంగా ఒక పొరపాటు పడతారు. మనం షేరు కొంటే ఆ డబ్బు కంపెనీకి వెళుతుందనుకుంటారు. దీన్ని మాటలతో సరిచేయడం కష్టం. ముగ్గురిని ముందుకు పిలవండి. ఒకరి మెడలో "కంపెనీ" అని అట్ట కట్టండి. రెండోవారి చేతిలో వాటా కాగితం, మూడోవారి చేతిలో డబ్బు చీటీలు పెట్టి మార్చుకోమనండి. కాగితం ఇటు వచ్చింది, డబ్బు అటు పోయింది, కంపెనీ మాత్రం ఉత్త చేతులతో నిలబడింది. కంపెనీ కొత్త షేర్లు జారీ చేసినప్పుడే, అంటే పబ్లిక్ ఇష్యూ లాంటి సందర్భాల్లోనే, దాని చేతికి డబ్బు వస్తుంది. పబ్లిక్ ఇష్యూలోనైనా పాత యజమానులు తమ వాటాలు అమ్ముకుంటే ఆ మేరకు డబ్బు వాళ్లకే పోతుంది. ఒక్కసారి కళ్లారా చూస్తే పిల్లలు మరిచిపోరు.

రెండో పీరియడ్ ఆర్డర్లకు, ఖర్చులకు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో బేరం చూసిన పిల్లలకు ఇది తేలిక. ముగ్గురు కొనేవాళ్లు 98, 99, 100 అని చీటీలు పట్టుకోవాలి. ముగ్గురు అమ్మేవాళ్లు 101, 102, 103 అని పట్టుకోవాలి. తలా పది షేర్లు. ఎవరూ దిగిరాకపోతే లావాదేవీ జరగదు. ఇప్పుడు ఏడో విద్యార్థి వచ్చి, ధర చెప్పకుండా "ముప్పై షేర్లు కావాలి" అన్నాడనుకోండి. మార్కెట్ ఆర్డర్ అంటే ఇదే. అతనికి పది 101కి, పది 102కి, పది 103కి పడతాయి. సగటు 102. మొదటి ధర చూసి 101కే వస్తాయనుకున్నాడు. రోజుకు కొద్ది షేర్లే చేతులు మారే చిన్న కంపెనీల్లో ఈ తేడా రూపాయితో ఆగదు. ధర రాసి పెట్టేది లిమిట్ ఆర్డర్. కొత్తవారు అదే వాడాలి.

వేళలు కూడా బోర్డు మీద రాయించండి: ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు. సోమవారం కొన్నది మంగళవారానికి డీమ్యాట్ ఖాతాలో, అంటే షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతాలో పడుతుంది, మధ్యలో సెలవు లేకపోతే. 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ ఇదే పద్ధతి.

ఆ తర్వాత ఖర్చుల లెక్క పిల్లలచేతే చేయించండి. 500 చొప్పున పది షేర్లు కొని, 520 చొప్పున అమ్మారు. పైకి కనిపించే లాభం 200. ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను డెలివరీలో కొన్నా, అమ్మినా 0.1 శాతం కాబట్టి రెండు వైపులా కలిపి 10 రూపాయలు. కొనుగోలు మీద స్టాంపు సుంకం 0.015 శాతం, ముప్పావలా. బ్రోకరేజి వైపుకు 20 అనుకుంటే 40, దాని మీద 18 శాతం జీఎస్టీ 7.20. అమ్మినప్పుడు డీమ్యాట్ సంస్థ తీసుకునే డీపీ ఛార్జీ ఓ 16 అనుకోండి. ఎక్స్ఛేంజి రుసుములు పావలా, అర్ధ. అన్నీ కలిపితే 75 దాకా అవుతుంది. 200 కాస్తా 125 అయింది. బ్రోకరేజి, డీపీ ఛార్జీ బ్రోకరును బట్టి మారతాయి, తక్కినవి అందరికీ ఒకటే. ఇలా రోజుకోసారి కొని అమ్మితే ఎవరికి లాభమో పిల్లలు తామే తేల్చుకుంటారు.

మూడో పీరియడే అసలు పాఠం. దీన్ని తొందరపడి ముగించకండి, కావాలంటే నాలుగో పీరియడ్‌లో సగం ఇక్కడికి లాక్కోండి.

క్లాసును నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఉత్తుత్తి పదివేలు ఇవ్వండి. కంపెనీలు ఆరు: రొయ్యల మేత, రొయ్యల ఎగుమతి, బ్యాంకు, మందులు, సాఫ్ట్‌వేర్, సబ్బులు. మొదటి జట్టు మొత్తం ఎగుమతి కంపెనీలో పెట్టాలి. రెండోది సగం మేతలో, సగం ఎగుమతిలో. మూడోది మొత్తం బ్యాంకులో. నాలుగోది ఆరింటిలో సమానంగా. తర్వాత నాలుగు వార్తలు చీటీల మీద రాసి ఒక్కొక్కటే చదవండి.

అమెరికా రొయ్యల మీద సుంకం పెంచింది: ఎగుమతి 30 శాతం, మేత 20 శాతం తగ్గుతాయి. తక్కినవి కదలవు.

రూపాయి విలువ పడింది: ఎగుమతి, మందులు, సాఫ్ట్‌వేర్ 10 శాతం పెరుగుతాయి. బయటి నుంచి నూనె తెచ్చుకునే సబ్బుల కంపెనీ 5 శాతం తగ్గుతుంది.

దేశమంతా లాక్‌డౌన్: మందులు, సబ్బులు 10 శాతం, మిగతావన్నీ 30 శాతం తగ్గుతాయి.

ఆ బ్యాంకు లెక్కల్లో మోసం బయటపడింది: బ్యాంకు 70 శాతం, మిగతావన్నీ 5 శాతం తగ్గుతాయి.

లెక్క సరిగ్గా చేస్తే మొదటి జట్టుకు 5,120, రెండో జట్టుకు 5,220, మూడో జట్టుకు 2,100, నాలుగో జట్టుకు 6,230 మిగలాలి. ఎవరికైనా 4,500 వస్తే వాళ్లు శాతాలను కలిపేశారన్నమాట. ముప్పై తగ్గి, పది పెరిగి, ముప్పై తగ్గి, అయిదు తగ్గితే నికరంగా యాభై అయిదు తగ్గినట్టు కాదు. ప్రతి శాతాన్నీ అప్పటికి మిగిలిన సొమ్ము మీద వేయాలి.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగండి. రెండో జట్టుకు రెండు కంపెనీలున్నా మొదటి జట్టు కంటే వంద రూపాయలే ఎక్కువ మిగిలింది. పేర్లు రెండు, వ్యాపారం మాత్రం ఒకటే చెరువు గట్టున ఉంది. నాలుగో జట్టుకూ నష్టమే వచ్చింది, ఆ మాట దాచకండి. డబ్బును విడదీసి పెడితే నష్టం రాదని చెప్పే మాస్టారు పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. తేడా ఎక్కడుందో చూపించండి. 6,230 మళ్లీ పదివేలు కావాలంటే 60 శాతం పెరగాలి, అది కొన్నేళ్లలో జరగవచ్చు. 2,100 పదివేలు కావాలంటే 376 శాతం పెరగాలి. అక్కడి నుంచి లేచి నిలబడటం చాలా కష్టం.

నాలుగో పీరియడ్‌లో జరిగిన చరిత్ర చెప్పండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ కంపెనీ లెక్కలు ఉబ్బించి చూపామని లేఖ రాశారు. ముందు రోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గరికి వచ్చింది. అదే రోజు ముప్పై పెద్ద కంపెనీల సూచీ సెన్సెక్స్ పడింది 7 శాతం చిల్లర. ఒక్క షేరే పట్టుకున్నవారికీ, ముప్పై కంపెనీల్లో విడదీసి పెట్టుకున్నవారికీ ఒక్క రోజులో వచ్చిన తేడా అది. ఆ కంపెనీ పెట్టినవారిది మన భీమవరం ప్రాంతమే. మనవాళ్ల కంపెనీ అని తెలిసినంత మాత్రాన లెక్కల పుస్తకం లోపల ఏముందో మనకు తెలిసినట్టు కాదు. ఆ కంపెనీలోనే ఉద్యోగం చేస్తూ, ఆ షేర్లే దాచుకున్నవారి సంగతి కూడా పిల్లలను ఆలోచించమనండి. జీతం మీద బెంగ, దాచుకున్నదాని మీద దెబ్బ ఒకే రోజు వచ్చిపడ్డాయి. కింది ప్రశ్నకు జవాబులోనూ అసలు విషయం ఇదే.

ప్రశ్న: మాకు నాలుగెకరాల రొయ్యల చెరువు. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి "మనకు తెలిసిన వ్యాపారం రొయ్యే కదా నాన్నా, మేత కంపెనీ షేర్లు, ఎగుమతి కంపెనీ షేర్లు కొందాం" అంటున్నాడు. లక్షన్నర ఉంది. తెలిసిన దాంట్లో పెట్టడమే మంచిదని పెద్దలూ అంటారు కదండీ?
– ఆక్వా రైతు, ఆకివీడు

మీ అబ్బాయి చెప్పినదాంట్లో సగం నిజముందండీ. ఏ మేతకు రొయ్య బాగా కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) పడుతుందో, ఏ కంపెనీ డీలరు సరుకు ఆలస్యం చేస్తున్నాడో ఎక్కడో ముంబైలో కూర్చున్నవారికంటే మీకే ముందు తెలుస్తుంది. షేరును అంచనా వేయడానికి ఆ తెలివి పనికొస్తుంది. కానీ మీ ఇంటి డబ్బు అక్కడ పెట్టాలా అన్నది వేరే ప్రశ్న.

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఇంటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాయండి: రొయ్య. రెండో గడిలో ఆస్తి ఏమిటో రాయండి: చెరువు, ఏరియేటర్లు, చెరువు పక్కన పొలం. రొయ్య రేటు బాగున్నప్పుడు ఆ భూమి లీజు పెరుగుతుంది, బాగాలేనప్పుడు తగ్గుతుంది. మూడో గడిలో అప్పు: మేత డీలరు దగ్గర అరువు, బ్యాంకులో పంట రుణం. పట్టుబడి బాగుంటే తీరతాయి, లేకపోతే పెరుగుతాయి. మూడు గడుల్లోనూ రొయ్యే ఉంది. ఇప్పుడు నాలుగో గడిలో కూడా దాన్నే రాద్దామంటున్నాడు మీ అబ్బాయి.

తెల్లమచ్చ రోగం వచ్చి మండలమంతా చెరువులు ఎండగట్టారనుకోండి. మీకు పట్టుబడి ఉండదు. సీడు వేయని చెరువుకు మేత కొనేవారూ ఉండరు, కాబట్టి మేత కంపెనీ అమ్మకాలు తగ్గుతాయి. మన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకుల మీద అక్కడ సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ చెరువు గట్టు మీద కౌంటు ధరకూ తగిలింది, మార్కెట్లో రొయ్యల కంపెనీల షేర్లకూ తగిలింది. మీకు డబ్బు అవసరమయ్యే రోజూ, షేరు అమ్మితే తక్కువ వచ్చే రోజూ ఒక్కటే అవుతాయి. షేరు పెరిగి మీరు సంతోషంగా ఉన్న రోజున చెరువూ బాగానే ఉంటుంది కాబట్టి, ఆ డబ్బుతో మీకు అంత పనీ ఉండదు.

అందుకని లక్షన్నరను ఈ వరుసలో చూడండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే ముందు అది తీర్చేయండి. అది ఏడాదికి 24 శాతం. అంత రాబడి ఏటా ఖాయంగా ఇచ్చే షేరు లేదు. డీలరు అరువు మీద మేత బస్తాకు ఎంత ఎక్కువ వేస్తున్నాడో కూడా లెక్క కట్టండి, అది వడ్డీయే, పేరు మాత్రం వేరు. తర్వాత ఒక పంట పూర్తిగా పోతే మళ్లీ సీడు, మొదటి నెల మేతకు సరిపడా డబ్బు బ్యాంకు డిపాజిట్‌లో ఉంచుకోండి. ఇంకా మిగిలితే, అయిదారేళ్లు తీయక్కర్లేని సొమ్మయితే, మందులు, బ్యాంకులు, సాఫ్ట్‌వేర్, సిమెంటు అన్నీ కలిసిన ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా కొంత వేయవచ్చు. రొయ్యలో మీ వాటా చెరువు రూపంలో ఇప్పటికే చాలినంత ఉంది.

మీ అబ్బాయికి మేత కంపెనీల మీద అంత ఆసక్తి ఉంటే వాటి వార్షిక నివేదికలు చదవమనండి. ముడిసరుకు ఖర్చు, బాకీలు ఎన్ని రోజులకు వసూలవుతున్నాయి అన్న రెండు అంకెలు ఏటా ఎలా మారాయో రాస్తే చాలు. చెరువు పనికి కూడా అది ఉపయోగపడుతుంది.

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న 12,000తో అయిదు కంపెనీల షేర్లు కొన్నాను. రెండు బ్యాంకులు, ఒక హోమ్ లోన్ కంపెనీ, ఒక బంగారు రుణాల కంపెనీ, ఒక బీమా కంపెనీ. డైవర్సిఫై అయినట్టేనా? ఎన్ని షేర్లుంటే చాలు?
– విద్యార్థిని, అమలాపురం

సొంత కష్టంతో దాచి మొదలుపెట్టావు, అది చాలా మంచి సంగతమ్మా. జవాబు మాత్రం కాలేదనే. అయిదూ డబ్బుతో చేసే వ్యాపారాలే. ఒక బ్యాంకులో మోసం జరిగితే మిగతా నాలుగింటికి పెద్దగా తగలకపోవచ్చు, ఆ మేరకు నీకు రక్షణ ఉంది. వడ్డీ రేట్లు మారినా, రిజర్వ్ బ్యాంకు నిబంధనలు బిగించినా, అప్పులు మొండిబాకీలైనా ఆ గాలి చాలావాటికి ఒకేసారి తగులుతుంది.

మీ కోనసీమ తోటే దీనికి మంచి ఉదాహరణ. కొబ్బరి మధ్య కోకో, అరటి వేస్తారు. కొబ్బరి ధర పడితే అరటి ఆదుకుంటుంది, అరటి గెల రేటు రావులపాలెంలో పడిపోతే కోకో ఉంటుంది. ధరల దెబ్బకు అది చక్కటి ఏర్పాటు. కానీ 1996 నవంబరు 6 తుపానుకు? మూడూ ఒకే నేల మీద ఉన్నాయి, ఒకే రాత్రి పడిపోయాయి. అక్కరకొచ్చింది తోటకు బయట ఉన్నదే: బ్యాంకులో డబ్బు, ఇంట్లో బంగారం, వేరే ఊళ్లో ఉద్యోగం చేసే కొడుకో కూతురో.

కాబట్టి షేర్లు ఎన్ని అని లెక్కపెట్టే ముందు "ఏ ఒక్క వార్త వస్తే ఇవన్నీ పడతాయి?" అని అడుగు. జవాబు వెంటనే తట్టిందంటే విడదీయడం అవ్వలేదన్నమాట. వేర్వేరు రంగాల్లో పదిహేను, ఇరవై కంపెనీలు ఉంటే ఒక్క కంపెనీ మునిగినా తట్టుకోవచ్చు. అంతకుమించి ఎన్ని పెంచినా కొత్తగా వచ్చే రక్షణ స్వల్పం, గమనించుకునే పని మాత్రం పెరుగుతుంది. పన్నెండువేలతో ఇరవై కంపెనీలు కొంటే అమ్మేటప్పుడు ఒక్కోదానికీ డీపీ ఛార్జీ కట్టాలి, అది దండగ. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ ఒక్కటి కొంటే యాభై కంపెనీలు వస్తాయి. నెలకు 500తో, కొన్నింట్లో 100తోనైనా మొదలుపెట్టవచ్చు, దానికి డీమ్యాట్ కూడా అక్కర్లేదు. ఒకటి గుర్తుంచుకో: నిఫ్టీలోనూ దాదాపు మూడో వంతు బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలే. ఇప్పుడున్న అయిదూ ఉంచుకుని నిఫ్టీ ఫండ్ కూడా కొంటే ఆ రంగం నీ దగ్గర ఇంకా బరువెక్కుతుంది. మూడు వేర్వేరు ఫండ్ సంస్థల నిఫ్టీ ఫండ్లు కొన్నా ఉపయోగం లేదు, లోపల ఉన్నది అవే యాభై.

షేర్లలోనే ఎంత విడదీసినా పెద్ద తుపాను వస్తే అన్నీ పడతాయి. 2007 చివర 20,287 దగ్గర ఉన్న సెన్సెక్స్ 2008 చివరికి 9,647కు వచ్చింది, సగం కంటే ఎక్కువ పోయింది. అదే ఏడాది మన రూపాయల్లో బంగారం పెరిగింది. అలాగని బంగారం ఎప్పుడూ ఎదురు దిక్కుకే పోతుందని కాదు. డిపాజిట్, బంగారం, షేర్లు మూడూ ఒకేసారి పడిపోవడం అరుదు, అంతే. వచ్చే ఏడాది ఫీజు కట్టాల్సిన సొమ్ము ఇందులో ఉంటే ఇప్పుడే తీసి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసుకో.

ప్రశ్న: మా వాడికి పదహారేళ్లు. డీమ్యాట్ ఖాతా తెరవమని గొడవ చేస్తున్నాడు. మైనరుకు తెరవచ్చా?
– గృహిణి, తణుకు

తెరవచ్చమ్మా, కానీ నడిపేది గార్డియనే, అంటే మీరో, మీ వారో. బాబు పాన్ కార్డు, పుట్టినతేదీ ధ్రువపత్రం, గార్డియన్ కేవైసీ కావాలి. ఆ ఖాతాలో షేర్లు కొని ఉంచుకోవడం, అమ్మడం వరకే. ఇంట్రాడే (కొన్న రోజే అమ్మేయడం), ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ముందు తేదీ ధర మీద చేసే ఒప్పందాలు) కుదరవు. వచ్చిన ఆదాయం తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వారి ఆదాయంలో కలుస్తుంది. మ్యూచువల్ ఫండయితే మీ ఖాతా నుంచి కట్టవచ్చు, తీసినప్పుడు డబ్బు బాబు పేరున్న ఖాతాలోకే వస్తుంది. పద్దెనిమిది నిండగానే కొత్తగా కేవైసీ చేయించాలి, లేకపోతే లావాదేవీలు ఆగిపోతాయి. చాలామంది మరిచిపోయేది ఇదే. మీ ఫోన్లో లాగిన్, ఓటీపీ వాడి చేతికివ్వకండి. పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు కొంటున్నాడో రాయించి, ఆ తర్వాత మీరే నొక్కండి.

ప్రశ్న: కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. డబుల్ అయ్యాయని సంతోషించేలోపే 800 షేరు 400 అయిపోయింది. మోసమా?
– ఇంటర్ విద్యార్థి, తాడేపల్లిగూడెం

మోసం కాదు బాబూ. పూతరేకును రెండు ముక్కలు చేస్తే ముక్కలు రెండవుతాయి, పూతరేకు పెరగదు. పది షేర్లు 800 చొప్పున 8,000. ఇరవై షేర్లు 400 చొప్పునా 8,000. బోనస్ అయినా, ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టే స్ప్లిట్ అయినా అంతే. అయిదు రూపాయల షేరు చవక, అయిదువేల షేరు ఖరీదు అనుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. ధరను ఒక్కో షేరు లాభంతో పోల్చి చూడాలి.

ప్రశ్న: హాస్టల్లో నలుగురం కలిసి ఆప్షన్స్ చేస్తున్నాం. టెలిగ్రామ్ గ్రూపులో కాల్స్, అంటే ఏది కొనాలో సలహాలు ఇస్తారు. ఆప్షన్ కొంటే నష్టం ప్రీమియం వరకే కదా సార్, ఇక భయమెందుకు? ఫీజుకు పంపిన డబ్బుల్లో కొంత వాడాం.
– ఇంజినీరింగ్ విద్యార్థి, భీమవరం

ఆప్షన్ అంటే గడువులోపు ఫలానా ధరకు కొనే లేదా అమ్మే హక్కు, దానికి ముందుగా కట్టేది ప్రీమియం. నష్టం ఆ ప్రీమియం వరకే, నిజం. కానీ ఆ ప్రీమియం మొత్తం పోవడం అరుదైన ప్రమాదం కాదు, తరచుగా జరిగేదే. ఆప్షన్ అన్నది ఎండలో పెట్టిన ఐసుగడ్డ. మీరనుకున్న దిక్కుకే మార్కెట్ వెళ్లినా, గడువులోపు చాలినంత వెళ్లకపోతే అది కరిగిపోతుంది. షేరయితే పడినా ఎదురుచూడవచ్చు. గడువు తీరిన ఆప్షన్‌కు ఎదురుచూపు లేదు.

షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్క ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం పోయింది 1.8 లక్షల కోట్ల పైచిలుకు. తలసరి దాదాపు రెండు లక్షలు. మీ నలుగురూ ఆ మిగిలిన ఏడు శాతంలో ఉంటారని చెప్పడానికి ఆధారం ఏదీ లేదు.

ఇవాళే చేయాల్సినవి చెబుతాం. ఇప్పుడున్న పొజిషన్లు మూసేయండి, పోయింది రాబట్టాలని కొత్తవి తీసుకోకండి. మిగిలినదెంతో, పోయిందెంతో కాగితం మీద రాసి ఇంట్లో చెప్పండి. ఫోన్ చేయడం కష్టంగానే ఉంటుంది. అయినా ఫీజు గడువు దాటాక తెలియడం కంటే, ఆ లోటు పూడ్చడానికి లోన్ యాప్‌లో అప్పు చేయడం కంటే ఇదే నయం. కాల్స్ ఇచ్చేవారి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, సెబీ వెబ్‌సైట్లో ఆ పేరు సరిచూడండి. పెట్టుబడి డబ్బు ఏదో వ్యక్తి పేరున్న ఖాతాకు పంపమన్నా, లింకు ద్వారా యాప్ దించుకోమన్నా, లాభం తీయాలంటే ముందు పన్ను కట్టమన్నా అది దొంగ వ్యవహారమే. అప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: మా హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు స్టాక్ మార్కెట్ పోటీ పెట్టి, నెలలో ఎక్కువ లాభం చూపినవారికి బహుమతి ఇద్దామనుకుంటున్నాం. ఒక యాప్ ఉందట. సలహా చెప్పండి.
– ప్రధానోపాధ్యాయులు, రాజోలు

ఆలోచన మంచిదే మాస్టారూ, యాప్ వద్దు, ఆ బహుమతి పద్ధతీ వద్దు. నడుస్తున్న షేరు ధరల మీద ఉత్తుత్తి ట్రేడింగు నడిపే వేదికల జోలికి పోవద్దని సెబీ 2024లోనే హెచ్చరించింది. పాఠాల పేరుతో షేర్ల గురించి చెప్పేవారు గత మూడు నెలల ధరలు వాడకూడదని 2025 జనవరిలో స్పష్టం చేసింది. మీరు రెండు మూడేళ్ల కిందటి ధరలే వాడండి, ఏ చిక్కూ ఉండదు. శాఖా గ్రంథాలయంలో పాత దినపత్రికల ఫైళ్లలో వాణిజ్య పేజీలు దొరుకుతాయి. నెలకొక రోజు చొప్పున పన్నెండు పేజీలు ఎంచుకుని, పది కంపెనీల ధరలు రాసుకోండి. కంపెనీ పేర్లు చెప్పకుండా అ, ఆ, ఇ, ఈ అని పెట్టి, రంగం మాత్రం చెప్పండి. పేరు తెలిస్తే పిల్లలు ఇప్పటి ధర ఫోన్లో చూసి కొనేస్తారు. మధ్యలో బోనస్ ఇచ్చిన కంపెనీ ఉంటే జాబితాలో పెట్టకండి, ధర సగమైనట్టు కనిపించి లెక్క తప్పుతుంది.

నెల లాభానికి బహుమతి ఇస్తే, ఉన్నదంతా ఒకే షేరులో పోసినవాడే ఎక్కువసార్లు గెలుస్తాడు. అలా పోసినవారిలోనే అట్టడుగున పడ్డవాళ్లూ ఉంటారు, కానీ చప్పట్లు గెలిచినవాడికే. మీరు నేర్పదలచుకున్నదానికి సరిగ్గా ఎదురు పాఠం అది.

నోట్‌బుక్‌కు మార్కులు వేయండి. కొన్న ప్రతిసారీ తేదీ, ఎంత సొమ్ము, మొత్తంలో ఎంత శాతం, ఎందుకు కొన్నారు, ఏం జరిగితే "నేను తప్పు" అని ఒప్పుకుంటారు అన్నవి రాయాలి. ఇరవైలో ఎనిమిది మార్కులు కారణాలకు, ఆరు విడదీసి పెట్టినందుకు, నాలుగు శాతాల లెక్క సరిగ్గా ఉన్నందుకు, రెండు చివరి విలువకు. విడదీసిన మార్కులు వేసేటప్పుడు ఆ విద్యార్థి ఇంటి పని ఏమిటో కూడా అడగండి. వేటకెళ్లే కుటుంబం పిల్లవాడు చేపల ఎగుమతి కంపెనీలో, కొబ్బరి దింపు మీద బతికే ఇంటి పిల్ల కొబ్బరినూనె కంపెనీలో ఎక్కువ పెట్టి ఉంటే పిలిచి ఎందుకో చెప్పించుకుని, ఆ తర్వాతే మార్కు వేయండి.